డిస్కు పంపకాలు: ఒక అనుభవజ్ఞుడి సలహాలు

లైనక్స్ వాడే ప్రతివాడి జీవితంలోనూ ఒక ఆదివారం వస్తుంది. కాఫీ తాగుతూ కంప్యూటర్ తెరిస్తే, డిస్కులో చోటు లేదని ఒక్క ముక్క చెప్పి అది ఊరుకుంటుంది. సరే, ఇవాళ దీని సంగతి తేల్చేద్దాం అని లుంగీ ఎగ్గట్టి కూర్చుంటాడు. ఈ సలహాలు అలాంటివాళ్ల కోసం. ఒక్కటీ పొల్లుపోకుండా పాటించారంటే సోమవారం పొద్దుటికల్లా డిస్కులో కావలసినంత చోటు ఉంటుంది. నాకు 300 జీబీ మిగిలింది.

పూర్వం డిస్కును పార్టిషన్లుగా కోసేవాళ్లు. పొలానికి గట్టు వేసినట్టన్నమాట. ఒకసారి వేశాక గట్టు జరపాలంటే పక్క మడి ఖాళీగా ఉండాలి, అది ఎప్పుడూ ఉండదు. ఇంట్లో ఫొటోలు పెట్టుకునే మడి నిండిపోయి గగ్గోలు పెడుతుంటే, పక్కన ఇంకో మడి బీడుగా పడి ఉండేది. ఈ బాధ చూడలేక హైన్జ్ మౌయెల్స్‌హాగెన్ అనే ప్రోగ్రామర్, హెచ్‌పీ వారి యూనిక్స్‌లో ఉన్న పద్ధతిని చూసి, 1998లో లైనక్స్‌కు ఎల్వీఎం రాశాడు. లాజికల్ వాల్యూమ్ మేనేజర్ అని పూర్తి పేరు. ఇందులో గట్లుండవు. డిస్కును ఉమ్మడికి రాసిస్తే అది పీవీ. అలా రాసిచ్చిన డిస్కులన్నీ కలిసిన ఉమ్మడి ఆస్తి వీజీ. అందులోంచి అవసరాన్నిబట్టి ఒక్కొక్కరికి ఇచ్చే వాటా ఎల్వీ. వాటాలను 4 ఎంబీ ముక్కల లెక్కన కొలుస్తారు. మీ వాటా ముక్కలన్నీ పక్కపక్కనే ఉండాలని లేదు. కొన్ని ఈ డిస్కులో, కొన్ని ఆ డిస్కులో ఉన్నా, మీకు మాత్రం ఒకే చెక్కగా కనబడుతుంది. చాలకపోతే పెంచుకోవచ్చు. పెద్దాయన మంచి ఉద్దేశంతోనే రాశాడు. మిగతాది మన చేతుల్లో ఉంది.

ముందుగా, ఏ డిస్కు ఏదో చూసుకోకండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్నవి బారసాలనాడు పెట్టిన పేర్లు కావు. కంప్యూటర్ నిద్రలేచేటప్పుడు ఏ డిస్కు ముందు కళ్లబడితే దానికి ఆ అక్షరం. నిన్నటి బీ ఇవాళ ఏ కావచ్చు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే అని ఒక కమాండ్ ఉంది. కొడితే ఏ డిస్కు ఎంత సైజో, దేనిలో ఏముందో వరసగా చూపిస్తుంది. అందుకే దాని జోలికి పోకూడదు. నేరుగా పీవీక్రియేట్ కొట్టి, గుర్తున్న పేరేదో ఇవ్వండి. తప్పు డిస్కు ఇస్తే అది ఆగి అడుగుతుంది: దీని మీద ఈఎక్స్‌టీ4 ఆనవాళ్లు కనిపిస్తున్నాయి, చెరిపెయ్యనా? వై లేక ఎన్? ఇలాంటి ప్రశ్నలు చదవడం మొదలుపెడితే పని తెమలదు. వై నొక్కండి. నా కీబోర్డు మీద ఆ అక్షరం అరిగిపోయి చాలాకాలమైంది.

ఉబుంటు సర్వర్ వేసుకున్నవాళ్లకు ఇంకో సదుపాయం ఉంది. ఇన్‌స్టాలర్ అడిగినదానికల్లా ఎంటర్ కొట్టుకుంటూ పోతే, డిస్కు 20 నుంచి 200 జీబీ లోపు ఉంటే సగమే వాటా వేసి మిగతా సగాన్ని ఉమ్మడిలో వదిలేస్తుంది. 200 దాటితే వాటా 100 జీబీయే. కొన్నాళ్లకు ఆ వాటా నిండుతుంది. వీజీఎస్ అని మూడక్షరాలు కొడితే ఉమ్మడిలో ఎంత మిగిలిందో చెబుతుంది కానీ, మనకెందుకు, సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి కొత్త డిస్కు కొనుక్కురండి. 1 టీబీ అని తెచ్చింది ఇంటికొచ్చాక 931 అంటుంది. దుకాణంవాడి మీదికి పోకండి. డిస్కు చేసినవాడు వెయ్యి చొప్పున లెక్కగడతాడు, కంప్యూటర్ 1024 చొప్పున. ఆపైన ఈఎక్స్‌టీ4 కూడా రూట్ గారి కోసమని నూటికి 5 చొప్పున పక్కన పెడుతుంది. బ్రోకరు కమీషన్ లాంటిదనుకోండి.

కొత్త డిస్కును పాతదానితో కలిపి ఒకే వాటా చేయండి. ఉమ్మడి కుటుంబం కదా, చూడముచ్చటగా ఉంటుంది. పాత డిస్కు ఆరేళ్లదైనా, తిరిగేటప్పుడు కరకరమని చప్పుడు చేస్తున్నా ఫరవాలేదు. అది పోయిననాడు రెండు డిస్కుల మీద పరుచుకున్న ఫైల్ సిస్టమ్ అంతా పోతుంది. పీవీమూవ్ అనే కమాండ్‌తో పాత డిస్కులోని ముక్కలన్నిటినీ, కంప్యూటర్ నడుస్తుండగానే, కొత్తదానిలోకి తరలించి, పాతదాన్ని మర్యాదగా సాగనంపవచ్చు. ఎల్వీఎంలో నాకు నిజంగా చేతులెత్తి మొక్కాలనిపించే పని ఇదొక్కటే. మొక్కాను కానీ ఏనాడూ వాడలేదు.

థిన్ ప్రొవిజనింగ్ గురించి మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒకే ప్లాటును నలుగురికి రిజిస్ట్రేషన్ చేసే విద్యను కంప్యూటర్‌కు నేర్పితే అదే. 100 జీబీ ఉన్న చోట నలుగురికి తలా 50 రాసివ్వవచ్చు. ఎవరికి వారు తమ 50 చూసుకుని మురిసిపోతారు. నలుగురూ ఒకేసారి ఇల్లు కట్టడానికి దిగనంతవరకూ అందరూ ఆసాములే. దిగిన రోజున, మామూలు సెట్టింగుల్లో అయితే, రాతలన్నీ 60 సెకన్లపాటు వరసలో నిలబడి చూసి, అప్పటికీ చోటు దొరకకపోతే తిరుగుటపా కడతాయి. ఆ 60 సెకన్లలో మీరు సీటీసీకి వెళ్లి రావాలి.

స్నాప్‌షాట్ తీసి, బ్యాకప్ అయిపోయిందని గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకోండి. అది ఫొటో కాదు, నకలూ కాదు. అసలు వాటాలో ఏ ముక్క మారబోతే దాని పాత రూపాన్ని తీసి పక్కన దాచే ఏర్పాటు. దాచడానికి ఇచ్చిన చోటు నిండిందంటే ఆ స్నాప్‌షాట్ ఇక చెల్లదు. పైగా ఉండేది అదే ఉమ్మడిలో. ఇంటి తాళంచెవికి నకలు చేయించి అదే ఇంట్లో పెట్టి తాళం వేసుకున్నట్టు.

వీజీకి ఇన్‌స్టాలర్ పెట్టిన పేరే ఉంచేయండి. ఇంకో కంప్యూటర్ చెడిపోయి, దాని డిస్కు తీసి దీనికి తగిలించినప్పుడు దాని పేరూ ఇదే అవుతుంది. బళ్లో శ్రీనూ అని పిలిస్తే ఐదుగురు లేచినట్టు. అప్పుడు పేరుతో పని జరగదు. యూయూఐడీ అనే పొడుగాటి నంబరు పట్టుకుని ఒకరికి పేరు మార్చాలి. పేరు మార్చినట్టు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో రాయడం మరిచిపోతే మరీ మంచిది. తర్వాతి బూటుకు కంప్యూటర్ ఎమర్జెన్సీ మోడ్‌లో నిలబడి రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఉబుంటులో మామూలుగా రూట్ ఖాతాకు తాళం వేసే ఉంటుంది. పాస్‌వర్డ్ గుర్తు లేదని బాధపడే పని కూడా లేదు.

ఇక అసలు విద్య, వాటా తగ్గించడం. పెంచడంలో అంత రుచి లేదు. ఎల్వీఎక్స్‌టెండ్‌కు హైఫన్ ఆర్ తగిలిస్తే వాటానూ దానిలోని ఫైల్ సిస్టమ్‌నూ కలిపే పెంచేస్తుంది. తగ్గించేటప్పుడు కూడా అదే హైఫన్ ఆర్ పెడితే ఏది ముందు, ఏది వెనక అన్నది అదే చూసుకుంటుంది. నియమమేమిటంటే ముందు లోపలి ఫైల్ సిస్టమ్‌ను కుదించి, తర్వాత వాటా గోడ జరపాలి. ఎక్స్ఎఫ్ఎస్ వాడేవాళ్లకు ఈ యోగం లేదు. అది బంగారం ధరలాగా పెరగడమే తప్ప తగ్గడమంటూ ఎరగదు. రెడ్‌హ్యాట్ వారు 2014లో ఏడో వెర్షన్ నుంచి దాన్నే మామూలుగా ఇస్తున్నారు. ఈఎక్స్‌టీ4 తగ్గుతుంది. కాబట్టి చెడగొట్టుకునే అవకాశం దానికే ఎక్కువ.

మా ఇంట్లో హోమ్ వాటా 400 జీబీ ఉండేది. మా చెల్లెలి పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. సినిమాల కోసం ఒక 100 జీబీ వేరే కావాలనిపించి, నియమాన్ని తిరగేసి, ముందు గోడే జరిపాను. ఎల్వీరెడ్యూస్ పెద్దక్షరాలతో అరిచింది, ఇందువల్ల మీ డేటా నాశనం కావచ్చు, అయినా తగ్గించమంటారా అని. వై. (ఈమధ్య వెర్షన్లు లోపల ఫైల్ సిస్టమ్ ఉంటే ముందే ఆగిపోతున్నాయి. అనుభవం కావాలనుకునేవాళ్లు అప్‌డేట్ చేసుకోకండి.) మిగిలిన 100 జీబీలో వెంటనే కొత్త వాటా వేసి, రాత్రంతా సినిమాలు ఎక్కించాను.

పొద్దున హోమ్ తెరుచుకోలేదు. ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే అది చాలా నిదానంగా చెప్పింది: ఫైల్ సిస్టమ్ ఇంత ఉందంటోంది, చోటు చూస్తే అంత లేదు, రెంటిలో ఏదో చెడింది, ఆపెయ్యమంటారా? ఇన్నేళ్లుగా వైలు నొక్కినవాణ్ణి, ఆ ఒక్కచోట ఆపెయ్యడమేమిటి, బాగుచెయ్యాలిగానీ అని ఎన్ నొక్కాను. తర్వాత అది సరిచేసుకుంటూ పోయిన తీరు చూస్తే ముచ్చటేసింది.

మా అక్క కొడుకు అమీర్‌పేటలో లైనక్స్ నేర్చుకుని రెడ్‌హ్యాట్ పరీక్ష పాసయ్యాడు. ఆ పరీక్షలో ఎల్వీఎం తప్పదు. వాణ్ణి పిలిచాను. చూసి, "మావయ్యా, వై కొట్టాల్సినచోట ఎన్ కొట్టావు, ఎన్ కొట్టాల్సినచోట వై కొట్టావు" అన్నాడు. ఈటీసీలో ఎల్వీఎం ఫోల్డర్ కింద ఆర్కైవ్ అని ఉంటుందట. మనం చేసే ప్రతి మార్పుకూ ముందు పాత పంపకాల చిట్టా అందులో భద్రంగా రాసి పెడుతుందట. గోడ జరిపాక ఇంకే పనీ చేయకుండా వెంటనే వీజీసీఎఫ్‌జీరిస్టోర్ కొట్టి ఉంటే గోడ మళ్లీ మొదటి చోటికి వచ్చేది, ఫొటోలు చెక్కుచెదరకుండా ఉండేవి.

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నీ ఫొటోల మీద సినిమాలున్నాయి మావయ్యా."

మా చెల్లెలి పెళ్లికి వచ్చినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ రోజు మీ ఫోన్లలో తీసిన ఫొటోలు దయచేసి పంపండి. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినా చాలు. డిస్కులోకి నేను ఎక్కించుకుంటాను.