కొండ ఇంటికి తలకిందుల సలహాలు

అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అరకు పాడేరు వైపు, తాతలనాటి మట్టిగోడల పెంకుటింటిని బాగుచేసుకోవాలనుకుంటున్నారా? ముందు ఒక వానాకాలమంతా ఊరికే చూడండి. నీళ్లు ఎటునుంచి దిగుతున్నాయి, ఏ గోడకు చెమ్మ ఎక్కుతోంది, గాలివాన ఏ వైపు కొడుతోంది? ఊళ్లో పెద్దవాళ్లనూ అడగండి. వాస్తుశిల్పి లారీ బేకర్ అంతటివాడు కేరళకు రాకముందు పితోరాగఢ్ కొండల్లో ఏళ్లతరబడి ఉండి, అక్కడివాళ్ల ఇళ్లు చూసే మట్టి, రాయి, కలప పని నేర్చుకున్నాడు.

మొదటి రూపాయి ఇంటి మీద పెట్టకండి, ఇంటి వెనక పెట్టండి. కొండవాలు నీళ్లు గోడను తాకకుండా పక్కకు మళ్లించే కాలువ తవ్వించండి. వాలును కోసి రాతికట్టు కడితే, నీళ్లు కారే కన్నాలు తప్పకుండా వదలండి. లేకపోతే వెనకమట్టి నాని, బరువెక్కి, కట్టునే తోసేస్తుంది. చుట్టాలెవరూ ఈ కాలువను మెచ్చుకోరు. వంటింటికి కొత్త గట్టు కన్నా ఇదే ముఖ్యం.

మట్టిగోడకు సిమెంటు పూయొద్దు. మట్టి చెమ్మను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. పైపూత పెచ్చులూడేసరికి లోపల గోడ మెత్తబడిపోయి ఉంటుంది. సున్నం వేయండి, లేదా వరిగడ్డి కలిపి మగ్గబెట్టిన మట్టి మెత్తండి. ఏటా అలకాల్సి వస్తుంది, రానివ్వండి. ఏటా చేయి తగిలే గోడలో పగులు చిన్నగా ఉన్నప్పుడే దొరికిపోతుంది.

పెంకులు దింపి స్లాబు వేయకండి, ఆ గోడలు అంత బరువు మోయలేవు. చూరు రెండడుగులు ముందుకు జరపండి. వెలుగు చాలకపోతే నాలుగు గాజుపెంకులు చాలు.

లోయ కనబడేలా గోడంతా అద్దం పెట్టమంటారు, వినకండి. లంబసింగి లాంటి కొండ ఊళ్ల చలిలో అద్దం వెచ్చదనాన్ని నిలపలేదు. పగటి వేడిని దాచుకుని రాత్రికి ఇచ్చేది మట్టిగోడే. కూర్చున్న మనిషి కంటి ఎత్తున ఒక వెడల్పాటి కిటికీ పెట్టండి. ఏ అలంకారమూ లేని ఆ ఒక్క కిటికీతోనే గది కొత్తగా కనిపిస్తుంది.

అద్దాల కోరిక ఎక్కువగా పట్నంవాళ్లది. వాళ్లకు నా సలహా ఒక్కటే: ఇక్కడ ఇల్లు కొనకండి. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కావడాన్ని 1970 నాటి 1వ రెగ్యులేషన్ నిషేధిస్తుంది. లీజు కూడా బదిలీ కిందికే వస్తుంది. బినామీ పేరు వెతక్కండి. ఇంటివాళ్లు బాగుచేసుకున్న ఇంట్లో అతిథిగా ఉండి, రోజుకింతని డబ్బిచ్చి రండి.