బ్రహ్మకంటే ముందే లేచిన పదో తరగతి

సంక్రాంతి వెళ్లిందంటే పావగడ తాలూకాలో పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో కోడికి పనుండదు. ఎస్సెస్సెల్సీ పరీక్ష మార్చిలో. కాబట్టి జనవరి నుంచే తెల్లారుజామున నాలుగింటికి అమ్మ ఒక కేక, నాన్న ఒక కేక, అవ్వ ఒక శాపం. అప్పటికీ లేవకపోతే బడి నుంచి ఫోను. ఇది పావగడ ఒక్కదాని భాగ్యం కాదు. కర్ణాటకలో చాలా జిల్లాల్లో పరీక్షల ముందు ఉపాధ్యాయులు తెల్లవారకముందే పిల్లల ఇళ్లకు ఫోన్ చేసి లేపడం ఒక కార్యక్రమంగా సాగుతూ వస్తోంది. హర్యానా వాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. 2022 డిసెంబరులో అక్కడి విద్యాశాఖ, బోర్డు పరీక్షల పిల్లలను లేపడానికి గుళ్లు, మసీదులు, గురుద్వారాల మైకుల్లో పొద్దున్నే ప్రకటనలు చేయించమని బడులకు రాసింది. నాలుగున్నరకు లేపాలి, ఐదుంబావుకల్లా పుస్తకం ముందు కూర్చోబెట్టాలి అని తల్లిదండ్రులకు టైముటేబులు కూడా ఇచ్చింది. ఏ విషయంలోనూ ఒక మాట మీదికి రానివాళ్లు పిల్లల నిద్ర చెడగొట్టడంలో ఏకమైతే అంతకు మించిన జాతీయ సమైక్యత ఏముంటుంది?

ఈ ఉత్సాహం ఎక్కడ పుట్టిందో చూడాలి. కర్ణాటకలో 2023లో ఎస్సెస్సెల్సీ ఉత్తీర్ణత 83.89 శాతం. 2024లో పరీక్ష గదుల్లో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ చేశారు. గ్రేస్ మార్కులు ఉదారంగా కలిపినా 73.40 దగ్గర ఆగింది. కెమెరా కన్ను తెరవగానే పది శాతం రాలిపోయిందంటే రోగం ఎక్కడుందో చెప్పడానికి పెద్ద వైద్యుడు అక్కర్లేదు. కింది తరగతుల్లో చదవడం, రాయడం రాకుండానే పైకి తోసిన పిల్లలు, సబ్జెక్టుకు మాస్టరు లేని బడులు. పావగడకైతే ఇంకో చిక్కు. మూడు దిక్కులా ఆంధ్ర, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పిల్ల కలగనేది ఒక భాషలో, లెక్క చేసేది ఇంకో భాషలో. వీటిలో ఏది సరిచేయాలన్నా డబ్బు కావాలి, ఏళ్లు కావాలి, ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాలి. నిద్ర అలా కాదు. దానికి పట్టా లేదు, పహణీ లేదు, లాక్కుంటే కోర్టుకెక్కే వాళ్లు లేరు. అందుకే చూచిరాత పట్టుబడిన రోగానికి నిద్ర తగ్గించే మందు రాశారు.

లేపేవాళ్ల వాదన రెండు ముక్కల్లో ఉంటుంది. తెల్లారుజామున చదివింది బుర్రకెక్కుతుంది, లేవలేనివాడు సోమరి. సోమరితనం సంగతి ముందు చూద్దాం. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఒంట్లోని గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్రకు పిలుపునిచ్చే మెలటోనిన్ చిన్నప్పటికంటే ఆలస్యంగా, కొందరిలో రెండు గంటల దాకా ఆలస్యంగా ఊరుతుంది. అమెరికాలో మేరీ కార్‌స్కాడన్ 1990ల నుంచి దీన్ని పరిశోధిస్తూ వచ్చారు. జర్మనీలో టిల్ రోనెబెర్గ్ బృందం 2004లో ఇంకో సంగతి చూపింది. ఈ ఆలస్యం ఏటికేడు పెరిగి ఇరవయ్యో ఏడు ప్రాంతంలో కొసకు చేరి, ఆ తర్వాత తనంతట తానే వెనక్కి మళ్లుతుంది. పదమూడు నుంచి ఇరవై అంటే ఇంచుమించు ఏడేళ్లు. శనిమహాత్ముడి గుడి ఉన్న ఊరికి ఈ లెక్క ఒకరు చెప్పాలా? ఏలినాటి శని ఏడున్నరేళ్లుండి కాలం తీరాక తనే పోతాడని వచ్చిన భక్తులందరికీ ధైర్యం చెబుతాం. మన ఇంటి పిల్లకు పట్టినదానికి మాత్రం చెంబెడు చన్నీళ్లు మొహాన కొట్టడమే శాంతి.

సూర్యుడి సంగతి కూడా పావగడకు కొత్త కాదు. తిరుమణి, వల్లూరు, రాయచెర్లు, బాలసముద్ర, క్యాతగానచెర్లు ఊళ్ల పొలాల్లో పదమూడు వేల ఎకరాల మేర 2050 మెగావాట్ల సోలార్ పార్కు పరుచుకుని ఉంది. తెల్లారుజామున నాలుగింటికి అక్కడ ఒక్క యూనిట్ కరెంటు పుట్టదు. అన్ని వేల ఎకరాల సోమరితనాన్ని ఏ ఇంజనీరూ తిట్టలేదు, ఏ అధికారీ ఫోన్ చేసి లేపలేదు. మార్చి నెలాఖర్లో ఇక్కడ పొద్దు పొడిచేదే ఆరుంబావు దాటాక. బ్రాహ్మీ ముహూర్తమంటారా, అది సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలుంటుంది. లెక్కేస్తే నాలుగూ నలభై ప్రాంతం. నాలుగింటికే కేకలేసేవాళ్లు పిల్లలతోపాటు బ్రహ్మను కూడా నలభై నిమిషాలు ముందే లేపేస్తున్నారు. శాస్త్రం పేరు చెప్పేవాళ్లు శాస్త్రం కాస్త ముందుకు తిప్పి చూస్తే మంచిది. బ్రాహ్మీ ముహూర్తంలో లేవమని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పింది ఆరోగ్యంగా ఉన్నవాడికి. అదే పుస్తకంలో, రాత్రి నిద్ర చాలనివాడు మర్నాడు పొద్దున ఏమీ తినకముందే, పోయిన నిద్రలో సగం పడుకుని తీర్చుకోవాలనీ ఆయనే చెప్పాడు. చరకుడు దేహాన్ని నిలబెట్టే మూడు ఆధారాల్లో ఆహారం పక్కనే నిద్రను పెట్టాడు. మన ఇళ్లలోకి వాగ్భటుడు సగమే వచ్చాడు, పడుకోమన్న సగం దారిలో పడిపోయింది.

ఇక బుర్రకెక్కే సంగతి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్య అకాడమీ 2016లో తేల్చింది. పదకొండుకు పడుకుని నాలుగింటికి లేచే పిల్లకు దక్కేది ఐదు. సరిగ్గా ఆ ఐదు గంటలే ఇచ్చి సింగపూర్‌లో పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల పిల్లలను ఏడు రాత్రులు గమనించారు. 2016లో వచ్చిన ఆ ఫలితాల్లో పిల్లల ధ్యాస, జ్ఞాపకం, చురుకు రోజురోజుకూ దిగజారాయి. తర్వాత రెండు రాత్రులు తొమ్మిదేసి గంటలు పడుకోనిచ్చినా పూర్తిగా తేరుకోలేదు. లాస్ ఏంజెలెస్‌లో 535 మంది హైస్కూలు పిల్లల దినచర్యలు పరిశీలించి 2013లో ఇంకో బృందం చెప్పింది ఇంతకంటే సూటిగా ఉంది. నిద్ర మానుకుని మామూలుకంటే ఎక్కువ చదివిన మర్నాడే పాఠం అర్థం కాకపోవడం, పరీక్షలో తడబడడం ఎక్కువట. చదివినదాన్ని మెదడు సర్ది దాచుకునేది నిద్రలోనే గనుక ఇందులో వింత లేదు. నిద్ర బాకీ ఎగవేయడానికి వీల్లేదని మన ఆడవాళ్లకు ఎప్పుడో తెలుసు. లక్ష్మణుడు పద్నాలుగేళ్లు మేలుకుంటే ఆ నిద్రంతా ఊర్మిళ పోవలసి వచ్చిందని తరతరాలుగా పాడుకున్నారు. పదో తరగతి పిల్లకు బదులు పడుకోవడానికి ఎవరున్నారు?

అసలు నష్టం మార్కుల దగ్గర ఆగితే ఈ వ్యాసం రాయనక్కర్లేదు. ఎనిమిదో తరగతి దాకా ముద్దుగా ఉన్న పిల్ల తొమ్మిదికి రాగానే మాటకు మాట ఎదురు చెబుతోందని, బువ్వ తినమంటే కసురుతోందని, నిన్నటిదాకా ఒకే బస్సు సీటులో కూర్చున్న స్నేహితురాలితో చిన్న మాటకే పలకడం మానేసిందని పెద్దల ఫిర్యాదు. దీనికి ఇంటింటా రోగనిర్ధారణ సిద్ధంగా ఉంటుంది: పొగరు, సావాసదోషం, సినిమాలు, కాలమహిమ. అమెరికాలోని సిన్సినాటీలో పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల యాభై మందిని ఒక వారం పడక మీద ఆరున్నర గంటలే ఉండనిచ్చి, ఇంకో వారం పది గంటలు ఉండనిచ్చి పోల్చారు. 2014లో వచ్చిన ఆ నివేదికలో తక్కువ నిద్ర వారంలో కోపం, ఆందోళన, తికమక ఎక్కువయ్యాయి. మనసును అదుపులో పెట్టుకోలేకపోతున్నామని పిల్లలే చెప్పారు, వాళ్ల తల్లిదండ్రులూ అదే చెప్పారు. అవే పిల్లలు, అవే ఇళ్లు, అదే సావాసం. మారింది నిద్ర ఒక్కటే. పెద్దల మీద 2010లో జరిగిన మరో పరిశోధనలో ఒక రాత్రి నిద్ర లేకపోతే ఎదుటివాళ్ల ముఖంలోని ఓ మోస్తరు కోపాన్నీ, ఓ మోస్తరు సంతోషాన్నీ పోల్చుకోవడం తగ్గిందని, నిద్రపోయాక ఆ చూపు తిరిగి వచ్చిందని తేలింది. ఈ రెండూ కలిపి చూడండి. పొద్దున ఎనిమిదింటికి తల్లి ముఖంలో ఉన్నది అలసటో కోపమో పిల్లకు తెలియదు. పిల్ల ముఖంలో ఉన్నది నిద్రో నిర్లక్ష్యమో తల్లికి తెలియదు, ఎందుకంటే లేపడం కోసం నాలుగింటికి ముందే లేచిన ఆ తల్లికీ నిద్ర లేదు. పిల్ల బడి బస్సు అందుకునేలోపు నిద్రలేని ఈ ఇద్దరూ ఒకరినొకరు అపార్థం చేసుకోవడానికి జాతకాలు కలవకపోనక్కర్లేదు. ఆ తర్వాత నాన్న వచ్చి ఇద్దరి మీదా అరుస్తాడు. సాయంత్రం దీనికంతటికీ పిల్ల వయసు మీద కేసు రాస్తారు.

అభ్యంతరాలు లేకపోలేదు. మా తాతలు చుక్క పొడవకముందే లేచి కపిల తోలేవాళ్లు, వాళ్లకేమయింది అంటారు. ఏమీ కాలేదు, ఎందుకంటే దీపం నూనె ఆదా చేయడానికి ఎనిమిదింటికే పడుకునేవాళ్లు. తాతగారి లేచే వేళను వారసత్వంగా తీసుకుని పడుకునే వేళను వదిలేసిన ఆస్తి పంపకం ఇది. ఇక ఫోను. పిల్లలు రాత్రి పన్నెండు దాకా రీల్స్ చూస్తున్నారన్నది అబద్ధమని ఎవరూ అనలేరు. ఆ వెలుతురు నిద్రను మరింత వెనక్కి నెడుతుందన్నదీ నిజమే. అయితే దానికి మందు ఫోను తీసి బీరువాలో పెట్టడం. పన్నెండుకు పడుకున్నవాణ్ణి నాలుగింటికి లేపితే రీల్స్ మీద కాదు, పిల్లవాడి మీదే పగ తీర్చుకున్నట్టు. పైగా హోంవర్కు వాట్సాప్‌లో పంపి, తెల్లారుజామున లేపడానికి ఆ ఫోనునే పిల్ల దిండు పక్కన పెట్టించేదీ మనమే.

గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని నవ్వి వదిలేయకూడదు. ఒకే గది ఇల్లు, టీవీలో సీరియలు, తమ్ముడి ఏడుపు, వాకిట్లో పెద్దల రాజకీయం. ఊళ్లో నిశ్శబ్దం దొరికేదే తెల్లారుజామున, అప్పుడు కాక ఇంకెప్పుడు చదవాలి అని అడిగే తండ్రికి మెలటోనిన్ గురించి ఉపన్యాసం ఇవ్వడం అన్యాయం. కానీ ఆయన అడుగుతున్నది నిశ్శబ్దం, నాలుగు గంటలు కాదు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా బడిలో ఒక గది తెరిచి, రెండు ట్యూబులైట్లు వెలిగించి, దూరం ఊళ్ల పిల్లలు ఇల్లు చేరే ఏర్పాటు చేస్తే ఆ నిశ్శబ్దం దొరుకుతుంది. ఆడపిల్ల విషయంలో ఇంకో మాట కూడా చెప్పాలి. చదువుకోమని నాలుగింటికి లేపిన పిల్ల చేతికి ముందు చీపురు, తర్వాత నీళ్ల బిందె, ఆ తర్వాతే పుస్తకం వస్తాయి. చదువు పేరు మీద లేపి పనికి వాడుకునే ఇంట్లో తగ్గింది నిశ్శబ్దం కాదు.

మరో విచిత్రం. కాలిఫోర్నియాలో హైస్కూళ్లు పొద్దున ఎనిమిదిన్నరకు ముందు మొదలు కాకూడదని 2019లో చట్టం చేసి 2022 జులై నుంచి అమలు చేశారు. దానికి ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. మన ప్రభుత్వ హైస్కూళ్లకు ఆ పోరాటమే అక్కర్లేదు. వాటి గంట మామూలుగా కొట్టేదే పదింటి ప్రాంతంలో, ఎస్సెస్సెల్సీ పరీక్ష కూడా పది కొట్టకముందు మొదలు కాదు. శాస్త్రవేత్తలు అడిగినదానికంటే మంచి వేళ మనకు ముందే ఉంది. దాన్ని పాడు చేయడానికే పొద్దున్నే స్పెషల్ క్లాసు పెట్టాం, దానికంటే ముందు ఫోను పెట్టాం. ఇక చట్టం సంగతి. 2012లో రామ్‌లీలా మైదాన్ కేసులో సుప్రీంకోర్టు నిద్ర కూడా జీవించే హక్కులో భాగమేనంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకరు మోగకూడదు. మైకుకు ఉన్న ఈ కట్టడి నాన్న గొంతుకు లేకపోవడం చట్టంలో మిగిలిపోయిన ఒకే ఒక్క లోటు.

అయివార్లకూ, తల్లిదండ్రులకూ ఒక విన్నపం. పిల్లల మీద శ్రద్ధ ఉండబట్టే ఫోన్ చేస్తున్నారు, మానేయమని ఎవరూ అనరు. వేళ మార్చండి. రాత్రి పదింటికి చేయండి. టీవీ ఆపారా, ఫోను బీరువాలో పెట్టారా, పుస్తకం మూసి పిల్ల పండుకుందా అని అడగండి. పొద్దున ఆరు దాకా మళ్లీ చేయకండి.