కమిషనర్ గారూ, ఆ మొద్దు పీకించండి

మహారాజశ్రీ మునిసిపల్ కమిషనర్ గారి దివ్య సముఖమునకు, మా వీధి వాళ్లందరి తరఫున వ్రాసుకొన్న అర్జీ.

తమరు క్షేమమని తలుస్తాము. మేమూ క్షేమమే అని రాద్దామంటే మొన్న తెల్లవారుజామున మా పాలాయన మోపెడ్‌తో సహా మొద్దు మీద పడ్డాడు. ముంజేయి విరిగింది. పాలన్నీ కాలవ పాలయ్యాయి. ఏ మొద్దో తమకు చెప్పనక్కర్లేదు. రోడ్డు వెడల్పు చేస్తామని తమరు కొట్టించిన వేపచెట్టు తాలూకుది. చెట్టు పోయింది, రోడ్డు వెడల్పయింది, అంచున ఉండాల్సిన మొద్దు రోడ్డు మీదికొచ్చి మోకాలెత్తున నిలబడింది. దాని చుట్టూ తారు కూడా పోశారు. ఎంత శ్రద్ధగా పోశారంటే బెత్తెడు ఖాళీ లేదు. ఆ పనితనానికి శాలువా కప్పాలి. అసలు కళ్లుండే పోశారా అండీ? రోలర్ నడిపేవాడు దాన్ని తప్పించి తిప్పుకుపోయాడు, పక్కన గొడుగు కింద నిలబడ్డ ఇంజనీరు గారు చూస్తూ ఊరుకున్నారు, ఒక్కరికీ నోరు పెగల్లేదా?

క్షమించాలి. మర్యాదగా రాద్దామనే కూర్చున్నాను.

చెట్టు కొట్టొద్దని మేము అనలేదు. (అన్నాం. అది వేరే అర్జీ, దాని గతి తమకు తెలుసు.) 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకునే కొడుతున్నామని తమ ఆఫీసు వారు సెలవిచ్చారు, నమ్మాం. కొట్టేవాళ్లు రంపం మిషనుతో వచ్చి, నడుము వంచకుండా చెయ్యి ఎక్కడికి అందితే అక్కడ కోశారు. ఇంకాస్త కిందికి కోయవయ్యా అంటే, మట్టీ రాళ్లూ తగిలి గొలుసు పళ్లు పోతాయన్నారు. జామాయిల్ రైతుని చూడండి. మళ్లీ పిలకలు కావాలి కాబట్టి నేలకి జానెడులోపే కొట్టిస్తాడు. ఆ తోట చాలించి వేరే పంట వేయాలనుకుంటే జేసీబీ పెట్టి మొద్దులన్నీ లేపిస్తాడు, సొంత డబ్బుతో. తమరిక్కడ సొంత డబ్బు పెట్టాల్సిన పని కూడా లేదే!

నేను రోడ్డు పనుల బిల్లులు రాసి రిటైరైనవాణ్ణి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిర్దేశాల పుస్తకంలో 201వ క్లాజు తీయించి చూడండి. రోడ్డు హద్దుల్లో పడిన చెట్లు, మొద్దులు సబ్‌గ్రేడ్ (రోడ్డు కింది మట్టి పొర) అడుగుకి 500 మిల్లీమీటర్ల దూరంలో ఎక్కడా మిగలకూడదు. తీసినచోట పడ్డ గుంతను మంచి మట్టితో పూడ్చి గట్టిగా దిమ్మిస కొట్టాలి. చెట్టు కొట్టే ఐటమ్‌కి రేటు చుట్టుకొలతను బట్టి ఉంటుంది. ఆ రేటులోనే కాండం కొట్టడం, కొమ్మలు కొట్టడం, మొద్దు తీయడం అన్నీ కలిసి ఉంటాయి. ఈ వేపకి టేపు చుట్టి కొలతల పుస్తకం ఎం.బుక్కులో రాసుకుంటుంటే నా అరుగు మీద నుంచి చూశాను. మరి మొద్దు తీసిన డబ్బు ఎవరికిచ్చారు? ఇంకా ఇవ్వకపోతే సంతోషం, దాంతో రేపే పీకించండి. ఇచ్చేసి ఉంటే ఇంకా సంతోషం, తీసుకున్నవాణ్ణే పిలిపించండి.

మొద్దు ఎవరు తీయాలని తమ ఆఫీసులో అడిగితే రోడ్ల వాళ్లు అంటారు, రోడ్ల వాళ్లు కరెంటు వాళ్లు అంటారు, కరెంటు వాళ్లు కాంట్రాక్టరు అంటారు. కాంట్రాక్టరు ఫోనెత్తడు.

ఆమధ్య మంత్రిగారొస్తున్నారని మొద్దుకి సున్నం కొట్టి జాజు పట్టె దిద్దారు. మంత్రిగారు రాలేదు గానీ, వేప కదా, మర్నాటికి ఎవరో పసుపు రాసి కుంకుమ పెట్టారు. నిమ్మకాయలు కూడా వచ్చాయి. వచ్చే ఆషాఢం దాకా ఉంచారంటే చుట్టూ అరుగు కట్టి మైకు పెడతారు. అప్పుడు తమరు కాదు, తమ పైవాళ్లు దిగొచ్చినా కదపలేరు. పైగా అది చావలేదు, చుట్టూ పిలకలేసింది. తీగలకు తగులుతాయని కరెంటు వాళ్లు పనిగట్టుకుని వచ్చి ఆ పిలకలు నరికిపోతారు. అవే తీగల కింద స్తంభానికి దీపం మాత్రం వెలగదు. వెలిగుంటే పాలాయన చెయ్యి బాగుండేది.

కిందటేడు జూన్ 5న, పర్యావరణ దినమని, మొద్దు దగ్గరే రోడ్డు అంచున మొక్క నాటబోయారు. గుంత తీస్తుంటే గునపం వేరుకి తగిలి వెనక్కి ఎగిరింది. సరే అని జానెడు లోతులో పాతి, ఫొటో దిగి, ట్రీగార్డు పెట్టి వెళ్లారు. ట్రీగార్డు మీద పేర్లు మొక్క కంటే పొడుగు. మొక్క పోయింది. ట్రీగార్డుకి ఇప్పుడు గేదెలు ఒళ్లు రుద్దుకుంటున్నాయి. పక్క వీధి తురాయి మొద్దుకి చెదలు పట్టి ఎవరింటి తలుపుల దాకానో వెళ్లాయట, వాళ్లు విడిగా రాసుకుంటారు.

పెద్ద పనేం కాదండీ. చుట్టూ గజం మేర తారు తవ్వి, మట్టి తీసి, పక్క వేళ్లు గొడ్డలితో తెంచితే జేసీబీ ఒక్క పూటలో లేపేస్తుంది. కింద మంచినీళ్ల గొట్టం ఉందని భయమైతే పలుగూ పారా ఇచ్చి మనుషుల చేత తవ్వించండి. వానలు పడితే మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. మొద్దూ సరిగ్గా మోకాలెత్తే. మా పిల్లలు చీకటితోనే సైకిళ్ల మీద ట్యూషన్లకి పోతారు. దండం పెడతాం, తొలకరి లోపు తీయించండి. అందాకా కనీసం నాలుగు మెరుపు స్టిక్కర్లయినా అంటించండి.

తీశాక గుంత అలాగే వదిలి వెళ్లకండి. పూడ్చి, దిమ్మిస కొట్టించి, తారు పోయించండి. లేకపోతే తమకు గుంత గురించి ఇంకో అర్జీ రాయాల్సి వస్తుంది.

ఇట్లు,
మొద్దు ఎదురింటివాడు