రొట్టె నడుమ రొట్టె: సటీకా తాత్పర్యము

మూలము

ఆ.
రొట్టె నడుమఁ గాల్చు రొట్టెనుఁ జొప్పించి
వెన్న పూసి యుప్పు వేసి మిరియ
పొడినిఁ జల్లి మూసి భుజియించు నాంగ్లేయు
తెలివి కెంత దవ్వు తెలుగు నోరు!

అవతారిక

ఈ ఆటవెలది కర్త ఎవరో తెలియదు. చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండు వెళ్లినవాడు, అద్దె గదిలో ఆవకాయ సీసా అడుగంటిన రోజున రాసి ఉంటాడని శైలిని బట్టి ఊహ. పద్యంలో హేళన ఉంది, ఆకలీ ఉంది. ఏది ఎక్కువో తేల్చడం కష్టం. కాళిదాసుకు వ్యాఖ్యాతగా మన కోలాచల మల్లినాథ సూరి దొరికాడు. శాండ్‌విచ్‌కి నేను దొరికాను. దాని రాత అంతే.

ప్రతిపదార్థము

రొట్టె నడుమన్ = రెండు పలుచని బ్రెడ్డు ముక్కల మధ్య (జొన్నరొట్టె అని చెప్పరాదు, అది మడత పడుతుంది గాని మూత పడదు); కాల్చు రొట్టెనున్ = కాల్చి, పూర్తిగా చల్లారనిచ్చిన టోస్టు ముక్కను; చొప్పించి = దూర్చి; వెన్న పూసి = ఇది ముందు జరగాల్సిన పని, పద్యంలో వెనకపడింది, యతి కోసం కవులు ఇంతకంటే పెద్ద నేరాలే చేశారు; ఉప్పు వేసి = స్పష్టం; మిరియ పొడినిన్ చల్లి = ‘మిరియపుఁ బొడి’ అనాలి, కవి ఆకలి మీద ఉన్నాడు; మూసి = పై ముక్కతో కప్పి; భుజియించు = తినునట్టి; ఆంగ్లేయు తెలివికిన్ = ఇంగ్లీషువాడి బుద్ధికి; తెలుగు నోరు = పప్పన్నంలో ఆవకాయ కలిపి, నెయ్యి పోసుకుని, ముద్ద ముద్దకీ అప్పడం విరుచుకునే నోరు; ఎంత దవ్వు = ఎంత దూరం!

అన్వయం ఆకలి ఉన్నవాడికి దానంతటదే కుదురుతుంది.

తాత్పర్యము

రొట్టెలో రొట్టె పెట్టుకుని తినేవాళ్ల తెలివి మనకు అందేది కాదని కవి వెక్కిరింత.

వ్యాఖ్య

ముందుగా, ఇది కవి కల్పన కాదు. 1861లో ఇసబెల్లా బీటన్ అనే పాతికేళ్ల ఇల్లాలు లండన్‌లో అచ్చు వేయించిన ‘బుక్ ఆఫ్ హౌస్‌హోల్డ్ మేనేజ్‌మెంట్’లో ఈ వంటకం ఉంది. చల్లారిన పలుచని టోస్టు, వెన్న రాసిన పలుచని బ్రెడ్డు ముక్కలు రెండు, రుచికి తగినంత ఉప్పూ మిరియాల పొడీ. ఇంతే సరంజామా. ఇంత చిన్నదానికి వంటకమని పేరెందుకని అడగవచ్చు. మజ్జిగన్నానికి వంటకమని పేరు పెట్టకుండానే మనం ఇన్నాళ్లూ బతికాం కదా.

అయితే అది పుస్తకంలో ఏ అధ్యాయంలో ఉందో కవి చూడలేదు. రోగుల వంటల్లో ఉంది. జ్వరపడి లేచి, నోరు చేదుగా ఉండి, ఏదీ సయించని మనిషికి ఆశ పుట్టించడానికి ఆవిడ రాసింది.

ఇక్కడ తెలుగు పాఠకుడు ఆగాలి. మన ఇళ్లలో బ్రెడ్డు ఎప్పుడు కనిపించేది? జ్వరం వచ్చినప్పుడు. వీధి చివర బేకరీ నుంచి నాన్న బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకొస్తే ఎవరికి ఒళ్లు బాగాలేదని పక్కింటివాళ్లు అడిగేవాళ్లు. ఆసుపత్రికి చూడబోయేవాళ్ల చేతిసంచీలో బత్తాయిలతో పాటు అదీ ఉండేది. పాలలో ముంచితే వేళ్ల మధ్యే జారిపోయే ఆ మెత్తదనం తరంతరంగా మనకు నీరసానికి గుర్తు. శాండ్‌విచ్ అనగానే పెద్దవాళ్లు మొహం ముడిచేది అందుకే. అది వాళ్లకు ఫలహారంగా తోచదు, పథ్యంగా తోస్తుంది. కవి వెక్కిరింతకు మూలం కూడా ఈ జ్వరం జ్ఞాపకమే.

పూర్వపక్షం: పథ్యమైతే కావచ్చు. రొట్టెలో మళ్లీ రొట్టె ఎందుకు?

సమాధానం: లాటానుప్రాస అని ఒక అలంకారం ఉంది. శబ్దం ఒకటే, అర్థం ఒకటే, తాత్పర్యం వేరు. పై రొట్టె మెత్తన, లోపలి రొట్టె కరకర. పళ్లు దిగగానే ముందు మెత్తదనం, దాని వెనక వెన్న, ఉప్పు, ఆ వెనక పుటుక్కుమని విరిగే టోస్టు. పంటికి అడ్డం పడేది, చప్పుడు చేసేది ఏదైనా ఉంటే తప్ప జ్వరం నోటికి తిన్నట్టు ఉండదు. టోస్టు చల్లారాలని బీటన్ పట్టుబట్టింది ఊరికే కాదు. వేడిగా పెడితే ఆవిరి లోపలే చిక్కుకుని టోస్టు మెత్తబడుతుంది, అలంకారం కాస్తా పునరుక్తి దోషమవుతుంది. వెన్న కూడా రుచి కోసమే కాదు, తడి తగలకుండా అడ్డుగోడ.

మన పథ్యం సంగతి చూడండి. మెత్తగా వండిన అన్నం, మిరియాల చారు, చుక్క నెయ్యి, పాత చింతకాయ పచ్చడి, నిప్పుల మీద కాల్చిన అప్పడం. మెత్తనిది, కొవ్వు, ఉప్పు, మిరియం, కాల్చినది. బీటన్ చెప్పిన అయిదూ వచ్చేశాయి. పులుపు మనం అదనంగా చేర్చుకున్నాం. అది లేకపోతే మనకు జ్వరం తగ్గినట్టు ఉండదు.

పిండిలో పిండి పెట్టడం ఒక్క ఆంగ్లేయుడి పిచ్చి అనుకోవడానికి వీల్లేదు. అతను బంగాళాదుంప వేపుడు ముక్కల్ని వెన్న రాసిన బ్రెడ్డులో పెట్టి చిప్ బట్టీ అంటాడు. జపానువాడు వేయించిన నూడుల్స్‌ని బన్ను చీల్చి కూరి యాకిసోబా పాన్ అంటాడు. ముంబైవాడు బంగాళాదుంపను శనగపిండిలో ముంచి వేయించి పావులో నొక్కితే మనం వరసలో నిలబడి మరీ కొనుక్కుంటాం. ఇక పెసరట్టులో ఉప్మా పెట్టి మడిచి, దానికి ఎమ్మెల్యే అని హోదా కూడా కట్టబెట్టిన జాతి రొట్టెలో రొట్టెను చూసి నవ్వితే ఏం బాగుంటుంది?

తీపి దగ్గర తగాదా ఇంకాస్త పెద్దది. నెదర్లాండ్స్‌లో వెన్న రాసిన బ్రెడ్డు మీద చాక్లెట్ పలుకులు చల్లుకుని పొద్దున్నే తింటారు. ఆ పలుకుల పేరు హాగెల్‌స్లాగ్. పిల్లలకే కాదు, ఆఫీసుకు వెళ్లే పెద్దలకూ అదే ఉపాహారం. జపానులో మీగడ నురగ మధ్య స్ట్రాబెర్రీలు పేర్చిన శాండ్‌విచ్ అద్దాల అరలో అమ్ముతారు. వినగానే మనకు కడుపులో తిప్పుతుంది. మరి వేసవిలో పెరుగన్నంలో మామిడిపండు రసం పిండుకుని, మధ్యలో మాగాయ టెంక చీకే మనిషిని చూసి ఆ నెదర్లాండ్స్‌వాడు ఏమనుకోవాలి? ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టిన నీళ్లను కాచి కాచి చిక్కబరిచి, పైన మీగడ వేసుకునే కృష్ణా, గుంటూరు సీమల మాట అతనికి చెప్పనే వద్దు. ఆ ఉలవచారే ఇప్పుడు బిర్యానీలోకి ఎక్కి పెద్ద హోటళ్లలో కూర్చుంది.

నా ఉద్దేశం ఏమిటంటే, జోడింపులో వింత లేదు, వేళలో ఉంది. తీపి పొద్దున్న రాకూడదు, బ్రెడ్డు ఆరోగ్యంగా ఉన్నప్పుడు రాకూడదు, పండు అన్నంలోకి రాకూడదు అని ఒక్కో ఊరు ఒక్కో రాహుకాలం పెట్టుకుంది. అది నాలుకకు పుట్టుకతో వచ్చింది కాదు, పంచాంగం ఇంట్లోవాళ్లు రాసింది. అమెరికాలో పుట్టిన మన పిల్లలు వేరుసెనగ వెన్న, జామ్ రాసిన బ్రెడ్డును సుష్టుగా తిని, అమ్మమ్మ పెరుగన్నంలో అరటిపండు పిసకబోతే ఛీ అంటారు. పంచాంగం మారింది.

పాఠాంతరము

నాలుగో పాదంలో ‘దవ్వు’ చోట ‘దాపు’ అని చదవాలని నా సవరణ. దాపు అంటే దగ్గర. గణం చెడదు, యతి కదలదు, వెక్కిరింత మాత్రం చుట్టరికంగా మారుతుంది. కవి ఒప్పుకోడు. వ్యాఖ్యాతలు కవుల అనుమతి అడిగే ఆచారం లేదు. మూడో పాదంలో కారప్పొడి పెట్టాలని కొందరి వాదన. గణభంగమవుతుంది, రుచి బాగుంటుందని నేనూ ఒప్పుకుంటాను.

విశేషము

బీటన్ పుస్తకానికి 150 ఏళ్లు నిండిన సందర్భంగా 2011లో బ్రిటన్ రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ ఈ టోస్టు శాండ్‌విచ్‌ని మళ్లీ వెలుగులోకి తెచ్చింది. 7.5 పెన్నీలకు తయారయ్యే ఇది దేశంలోకెల్లా చవకైన మధ్యాహ్న భోజనమని ప్రకటించి, ఇంతకంటే చవకది చూపినవారికి 200 పౌండ్లు ఇస్తామంది. పోటీకి జనం పోటెత్తడంతో ఏడు రోజులకే తలుపు మూసి, పంపినవాళ్లలో ఒకరికి చీటీ తీసి సొమ్ము ఇచ్చేశారు. చద్దన్నం పులియడానికి ఒక రాత్రి చాలు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కూడా లెక్కలో వేసుకున్నా, మనవాళ్లెవరైనా దాన్ని పోటీకి పంపి ఉంటే న్యాయనిర్ణేతలకు చీటీ తీసే అవసరం పడేది కాదు.