మంత్రిగారికి టెట్ ఎప్పుడు?

ఆదిలాబాద్ లోక్‌సభ స్థానం కింద ఉన్న మన నిర్మల్, ముథోల్, ఖానాపూర్ వాళ్లకు ఒక అదృష్టముంది. పంతుళ్ల కొరత బడుల్లోనే గాని ఎన్నికల బరిలో ఉండదు. 2019లో గెలిచిన సోయం బాపూరావు ఒకప్పటి సర్కారు టీచర్. 2024లో కాంగ్రెస్ తరఫున నిలబడ్డ ఆత్రం సుగుణ పోటీ కోసమే టీచర్ కొలువు వదులుకున్నారు. ఆమె మీద గెలిచిన గోడం నగేశ్ కూడా పాఠాలు చెప్పి వచ్చినవారే. 1994లో బోథ్ నుంచి శాసనసభకు వెళ్లారు, ఉమ్మడి రాష్ట్రంలో మంత్రి అయ్యారు, తెలుగుదేశం నుంచి టీఆర్ఎస్‌కు, అక్కడి నుంచి బీజేపీకి వచ్చి మళ్లీ పార్లమెంటుకు వెళ్లారు. నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి కర్ర గుణమే రాజకీయంలో పనికొచ్చే గుణం: బరువుండదు, ఏ రంగు వేసినా పట్టుకుంటుంది. ఇంతమంది సార్లు పైకి పోయినా బడి మాత్రం ఉన్నచోటనే ఎందుకుందని కొందరు ఆశ్చర్యపోతుంటారు. ఆశ్చర్యానికేమీ లేదు. ‘సారు’ అన్న పిలుపు ఓట్లు తెచ్చిపెడుతుంది. ఆ పిలుపు బడికి పడ్డ బాకీ మాత్రం ప్రమాణస్వీకారం రోజునే మాఫీ అయిపోతుంది. రైతు రుణమాఫీకి ఉన్న షరతులు కూడా దీనికి లేవు.

ఈ మాట నిజమో కాదో తేల్చడానికి వెనుక బెంచీ వాళ్లను లేపడం న్యాయం కాదు, తరగతిలో ముందున్నవారినే పిలుద్దాం. కడియం శ్రీహరి కొంతకాలం బ్యాంకులో, ఆ తర్వాత అధ్యాపకుడిగా పనిచేసి, 1987లో ఎన్టీఆర్ కాలంలో తెలుగుదేశంలోకి వచ్చారు. ఉమ్మడి రాష్ట్రంలో సాంఘిక సంక్షేమం, విద్య, నీటిపారుదల శాఖలు చూశారు. తెలంగాణ వచ్చాక 2015 జనవరి 25న ఉప ముఖ్యమంత్రిగా విద్యాశాఖ చేపట్టారు. ఆ రోజే వైద్యశాఖ నుంచి రాజయ్యను తీసేశారు, ఆయన వృత్తి వైద్యం. చదివిన చదువుకూ చూసే శాఖకూ పొత్తు కుదిరితే చాలనుకునేవాళ్లు ఈ తేదీని రాసిపెట్టుకోవాలి. కడియం గారి మార్కుల్లో కోత పెట్టక్కర్లేదు. బాలికల విద్యపై కేంద్రం వేసిన ఉపసంఘానికి నాయకత్వం వహించి, కస్తూర్బా విద్యాలయాలను ఎనిమిదో తరగతితో ఆపకుండా ఇంటర్ దాకా పెంచాలని సిఫారసు చేశారు. ఆ సిఫారసు అమలులోకి కూడా వచ్చింది. బడుల్లో తెలుగును తప్పనిసరి చేసిన 2018 నాటి చట్టం ఆయన కాలానిదే. అయితే కొత్త రాష్ట్రంలో తొలి టీచర్ల భర్తీకి, అంటే 8,792 పోస్టులకు, నోటిఫికేషన్ 2017 అక్టోబరులో గాని రాలేదు. మూడేళ్లకు పైగా విద్యా వాలంటీర్లతో బండి లాగించారు. ప్రైవేటు బడుల ఫీజులపై తిరుపతిరావు కమిటీ 2017 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. అది చట్టం కాకుండానే ఆయన పదవీకాలం ముగిసింది. పిల్లలు హోంవర్కు ఆలస్యంగా తెస్తే గోడకుర్చీ వేయించిన వృత్తి ఇది. ప్రభుత్వం ఆలస్యం చేస్తే మాత్రం దాని పేరు ‘పరిశీలనలో ఉంది’.

‘మంత్రి చేతిలో ఏముంటుంది? పైసలు ఆర్థికశాఖవి, మాట ముఖ్యమంత్రిది’ అంటారు అభిమానులు. ఒప్పుకుంటాను, నేను చెబుతున్నది కూడా అదే. మంత్రి చేతిలో ఏమీ లేనప్పుడు ఆ చేతులు ఒకప్పుడు సుద్దముక్క పట్టినవైతే ఏమిటి, పార పట్టినవైతే ఏమిటి? పోనీ, ఆ వాదనకు మందు కూడా వేసి చూశాం. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక ముఖ్యమంత్రి విద్యాశాఖను తన దగ్గరే అట్టిపెట్టుకున్నారు. ఇక పైవారి మీద నెపం వేయడానికి పైన ఎవరూ లేరు. అయినా ఖాళీ పోస్టుల ముచ్చట ఒడవలేదు.

రెండో అభ్యంతరం కేరళ నుంచి వస్తుంది. కె.కె.శైలజ బడిలో భౌతికశాస్త్రం చెప్పారు, అక్కడి జనం ఇప్పటికీ ‘శైలజ టీచర్’ అనే పిలుస్తారు, 2018లో నిపా వచ్చినప్పుడు ఆరోగ్యమంత్రిగా గట్టిగా నిలబడ్డారు. నిజమే. కానీ ఆమె చేతికి వచ్చింది పంచాయతీ దాకా వేళ్లూనిన ఆరోగ్య వ్యవస్థ, అడిగితే జవాబు చెప్పాల్సిన వ్యవస్థ. మన దగ్గర ముందు సారును ఎన్నుకుని, వ్యవస్థ ఆయన వెంట అదే వస్తుందనుకుంటాం. దీనికి తిరగేసిన ఉదాహరణ కరీంనగర్ గడ్డ మీదే ఉంది. వంగర ఊరి పి.వి.నరసింహారావు న్యాయశాస్త్రం చదివినవారు, పంతులు కాదు. 1971లో సర్వేల్‌లో తొలి గురుకులం తెరిచింది ఆయన ప్రభుత్వం. కేంద్రంలో విద్య చూస్తున్నప్పుడు నవోదయలు మొదలయ్యాయి. సుద్దముక్క పట్టనివారు బడి కట్టారు, పట్టినవారు కమిటీ వేశారు. కాబట్టి తేడా వృత్తిలో లేదు.

మరి ఎందులో ఉందో తెలియాలంటే మన జిల్లాలోనే, చదువుల తల్లి కొలువైన బాసరలోనే చూడొచ్చు. 2022 జూన్‌లో అక్కడి ట్రిపుల్ ఐటీ పిల్లలు 12 డిమాండ్లతో వారం రోజులు బైఠాయించారు. వాటిలో ఒకటి, మాకు పూర్తికాలపు వైస్ చాన్సలర్ కావాలని. అక్షరాభ్యాసానికి రాష్ట్రాలు దాటి జనం వచ్చే ఊళ్లో విశ్వవిద్యాలయానికి పెద్దదిక్కు కోసం పిల్లలు నేల మీద కూర్చున్నారు. చివరికి విద్యామంత్రి స్వయంగా వచ్చి మాట ఇవ్వాల్సివచ్చింది. ఆమె టీచరేనా కాదా అని ఆ పిల్లలెవరూ అడగలేదు. వాళ్లకు కావాల్సింది జవాబు.

ఇప్పుడు టీచర్ల పరిస్థితి చూడండి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: ఎనిమిదో తరగతి వరకు బోధించే టీచర్లలో అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలినవారు రెండేళ్లలో టెట్ పాసు కావాలి, లేదంటే ఇంటికే. ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన సార్లు కూడా మళ్లీ గైడ్లు కొనాల్సిందే. నాణ్యత కోసమే కదా, మంచిదే. అదే నాణ్యతను సచివాలయం దాకా పొడిగిస్తే తప్పేముంది? విద్యామంత్రికీ ఏటా ఒక టెట్ పెట్టండి. ప్రశ్నలు సులువుగానే ఉండనివ్వండి: మీ హయాంలో మూతపడ్డ బడులెన్ని, నింపిన ఖాళీలెన్ని, ఫీజుల నివేదిక ఏ బీరువాలో ఉంది? నెగటివ్ మార్కులు కూడా వద్దు. ‘ఆయనకు ప్రజలు అయిదేళ్లకోసారి పరీక్ష పెడుతున్నారుగా’ అంటారా? ఆ పరీక్షలో సిలబస్ కులం, జెండా, పంపకం. బడి ప్రశ్న ఎప్పుడూ ఛాయిస్‌లోనే పోతుంది.

టీచర్లకే ఓటు ఉన్న చోటైనా బడి ప్రశ్న ముందుకొస్తుందేమో అనుకోవచ్చు. రాజ్యాంగం 171వ అధికరణం శాసనమండలిలో పన్నెండో వంతు సీట్లను ఉపాధ్యాయుల ఓటుకు కేటాయించింది. ఓటేసేవారు టీచర్లే కావాలంది గాని నిలబడేవారు కావాలనలేదు. మన కరీంనగర్–ఆదిలాబాద్–నిజామాబాద్–మెదక్ ఉపాధ్యాయ స్థానానికి 2025 ఫిబ్రవరి 27న పోలింగ్ జరిగింది. టీచర్లు ఎన్నుకున్నది మల్క కొమరయ్యను. ఆయన ప్రైవేటు విద్యాసంస్థల అధిపతి.