మూత తీయని మామ

మారికుప్పంలో రైలు పట్టాలు అయిపోతాయి. బంగారపేట నుంచి వచ్చిన బండి ఇక్కడ ఆగి వచ్చిన దారినే వెనక్కి పోవాలి. మా లైను ఇళ్లదీ అదే పద్ధతి. చివరి ఇంటి అరుగు మీద ఆకుటీ మామ కూర్చుని ఉంటాడు. ఆయన్ని దాటుకుని ముందుకు పోయినవాడు ఇంతవరకు లేడు.

"ఏమప్పా, గొంతు ఒక మాదిరిగా ఉండాదే?"

మీ గొంతు బాగానే ఉంటుంది. కానీ ఆ మాట చెప్పడానికి నోరు తెరిచేసరికి ఆయన లోపలికి కేకేసి ఉంటాడు: "నీళ్లు పెట్టు!"

ఇలాంటివాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు. కొందరి జేబులో హోమియో మాత్రల సీసా ఉంటుంది, కొందరు జాతకం అడుగుతారు, కొందరు పొద్దున్నే ఫోనుకు ఆరోగ్య సూత్రాలు పంపుతారు. వాళ్లను తప్పించుకోవచ్చు. మామ చేతిలో ఉండేది పొగలు కక్కే గ్లాసు. దాన్ని పట్టుకున్నాక ఊదుకుంటూ నిలబడాల్సిందే, ఊదుతున్నంతసేపూ వినాల్సిందే.

మామ కోలారు బంగారు గనిలో టైమాఫీసు గుమాస్తా. షిఫ్టుకు ఎవరు దిగారు, ఎవరు పైకి వచ్చారు అని రాసుకోవడమే ఆయన ఉద్యోగం. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు. సైరను ఆగింది గానీ మామ గడియారం ఆగలేదు. రాసుకోవడానికి మనుషులు లేకపోయేసరికి ఆకులు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆరు గంటలది ఫస్టు షిఫ్టు: తులసి, నిమ్మగడ్డి, రెండు మిరియాలు. మధ్యాహ్నం సెకండు షిఫ్టు: పుదీనా. రాత్రి షిఫ్టుకు వామాకు, చిటికెడు శొంఠి. వేళ తప్పి వచ్చిన చుట్టానికి ఏ షిఫ్టు టీ ఇవ్వాలన్న దగ్గర ఆయన నిజంగా ఇబ్బంది పడతాడు.

పద్ధతి మాత్రం పక్కా. నిమ్మగడ్డి మొండిది, కాబట్టి దాన్ని నలిపి ముడేసి చన్నీళ్లలోనే వేసి మరిగించాలి. తులసి, పుదీనా, వామాకు మెత్తనివి. పొయ్యి ఆర్పాకే వాటిని తుంచి వేయాలి. వెంటనే మూత. ఏడు నిమిషాలు. బెల్లం వడగట్టాకే. "మరిగించి మరిగించి నాలుగో వంతుకు దింపితే అది కషాయం, రోగులకు. ఇది టీ, మనుషులకు" అంటాడు. టీ చెట్టు ఆకు ఒక్కటి కూడా లేనిదాన్ని టీ అనొచ్చా అని అడిగి నేనొకసారి పావుగంట పోగొట్టుకున్నాను.

ఆ ఏడు నిమిషాలే అసలు పరీక్ష. ఎవరూ మూత ముట్టుకోకూడదు. ఆకులో ఉన్న నూనె ఆవిరితోపాటే ఎగిరిపోతుందని, వాసన పోయాక మిగిలేది పచ్చనీళ్లేనని ఆయన వాదన. సంగతి నిజమే కూడా. అయితే దాన్ని చెప్పే తీరు వేరు. "1965లో మన గనిలో, భూమికి రెండు కిలోమీటర్ల పైచిలుకు లోతున, న్యూట్రినోల జాడ పట్టినారప్పా. భూమిలోంచి దూరిపోయే వస్తువును పట్టిన ఊరు ఇది. తులసి వాసనను పట్టి పెట్టలేమా?"

వామాకు దగ్గర మాత్రం మా వీధి మూడు ముక్కలు. ఎదురింటి తమిళ పాటికి అది కర్పూరవల్లి; ఆకును సెగ చూపించి రసం పిండి మనవడికి పడుతుంది. పక్కింటి కన్నడ మేష్టారికి అదే దొడ్డపత్రె. పెరుగులో కలిపి తంబుళి చేసుకుంటాడు. ముగ్గురూ ఒకే గోడ దగ్గర నిలబడి మూడు భాషల్లో ఆకు మాది అంటే మాది అంటారు. ముగ్గురి కుండీల్లోని కొమ్మలూ అత్త నూనె డబ్బాలోంచి విరిచినవే. అసలు వాము గింజలు ఈ మొక్కవి కావు, అది వేరే జాతి అని మేష్టారు ఒకరోజు బయటపెట్టాడు. మామ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు తేల్చాడు: "చుట్టం కాకపోతేనేమి, వాసన కలిసింది కదా. సొంత మనిషే."

అలాగని దొరికిన ఆకునల్లా వేసే రకం కాదు. ఎవరో కుర్రాడు నీలగిరి ఆకులు తెచ్చి, ఇవీ ఘుమఘుమలాడుతున్నాయి కదా అన్నాడు. "ఆవిరి పట్టుకో, కడుపులోకి వద్దు. కోలారు జిల్లా నీళ్లన్నీ అది తాగింది చాలు, దాన్ని మనం తాగే పని లేదు" అని పంపేశాడు. నీళ్ల విషయంలోనూ పట్టింపే. బోరునీళ్లతో చేస్తే టీ ఉప్పదనం కొడుతుందట. బేతమంగళం చెరువు నీళ్లు వచ్చిన రోజున ఆయనకు పండగ, మాకు మూడు గ్లాసులు.

మొక్కలకు నీళ్లు పోసేది అత్త. ఆకులు కోసి నీడన ఆరబెట్టేది, ఎండలో పెడితే వాసన చచ్చిపోతుందని కనిపెట్టింది కూడా అత్తే. గ్లాసులు కడిగేదీ ఆమే. ఇవన్నీ చేశాక ఆయన పక్కనే అరుగు మీద కూర్చుని ఫిల్టరు కాఫీ తాగుతుంది. దాచుకోదు. పెళ్లయినప్పటి నుంచీ ఆమెకు ఒక్క దగ్గు కూడా రాలేదు. మామకున్న దిగులల్లా అదే.

ఒక్క మనిషి దగ్గర మాత్రం ఆ ఏడు నిమిషాల లెక్క తప్పడం చూశాను. కింద డ్రిల్లింగు పనిచేసి రాతి దుమ్మంతా ఊపిరితిత్తుల్లో నింపుకున్న ముసలాయన అప్పుడప్పుడు గోడ పట్టుకుంటూ వస్తాడు. గని వదిలేసిన సైనైడు మట్టి దిబ్బల మీద గాలి లేచిన రోజుల్లో ఆయన దగ్గు వీధి మొదటి నుంచే వినిపిస్తుంది. ఆ దగ్గు ఎవరిదని మామ అడగడు. పాఠం చెప్పడు. మూడు నిమిషాలకే మూత తీసి గ్లాసు చేతిలో పెడతాడు.

మొన్న నాకు నిజంగానే జలుబు చేసింది. పొద్దున బెంగళూరు బండికి పరుగెత్తుతూ అరుగు ముందు తుమ్మాను. ఇంత కాలానికి అసలైన రోగి దొరికాడు, మామ వదులుతాడా? ఫ్లాస్కు పట్టుకుని నా వెనకే స్టేషనుకు వచ్చాడు, పెట్టెలోకి ఎక్కాడు, ఎదురు సీట్లో కూర్చున్నాడు.

"పో మామా, బండి కదుల్తాది."

"ఇప్పుడే వేసినా. ఇంకా అయిదు నిమిషాలుండాది."

బండి కదిలింది. మామ చూపు గడియారం మీదే ఉంది. ఛాంపియన్ స్టేషను వచ్చింది. "రెండు నిమిషాలు" అన్నాడు. దిగమన్నాను. ఈ కుదుపుకి మూత ఊడుతుందని ఫ్లాస్కును ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా అదిమి పట్టాడు. పాలటీ అమ్మే కుర్రాడు మా మధ్య నుంచి పోతూ ఆయన్ని చూసి గొంతు తగ్గించుకున్నాడు.

ఊరుగాం దగ్గర మూత తీశాడు. తులసి, నిమ్మగడ్డి వాసన పెట్టెంతా కమ్ముకుంది. కిటికీ పక్క నిద్రపోతున్నవాళ్లు కళ్లు తెరిచారు. నేను చెయ్యి చాపాను. అదే సమయానికి వెనక నుంచి టికెట్టు కలెక్టరు వచ్చి మామ భుజం తట్టాడు.

"టికెట్?"

మామ దగ్గర టికెట్టు లేదు, చొక్కా జేబులో ఒక్క రూపాయి కూడా లేదు. కానీ ఆ అడిగిన గొంతు కొంచెం బొంగురుగా ఉంది. మామ మొహం వెలిగిపోయింది. నాకోసం పోసిన గ్లాసు నా వేళ్లదాకా వచ్చి అటు తిరిగింది.

"కూర్చో సామీ. ఎన్ని రోజులైంది ఇట్లా?"