బాటిల్ వైపే అందరి చూపు

ఇంట్లో ఒకరికి సెలైన్ పెట్టారంటే మిగతావాళ్లందరికీ ఒకటే ఉద్యోగం, బాటిల్‌ని చూడటం. చుక్క పడుతోందా, ఇంకెంత ఉంది, "సిస్టరమ్మా, అయిపోతంది, బేగి రండి" అంటూ వరండాలో పరుగు. బాటిల్ ఖాళీ అయిన మరుక్షణం గాలి నరంలోకి దూకి మనిషిని పట్టుకుపోతుందని మన గట్టి నమ్మకం. చేతికి పెట్టిన సెలైన్‌లో గాలికి అంత చురుకుతనం ఉండదు. బాటిల్ అయిపోతే ట్యూబులో నీరు కొంత దిగి, నరంలోని ఒత్తిడికి సరిపడే ఎత్తున ఆగిపోతుంది. మరీ ఆలస్యమైతే రక్తమే ట్యూబులోకి ఎదురొస్తుంది. అయినా సరే, బాటిల్‌కి నలుగురు కాపలా. ఆ నీళ్లు దిగుతున్న చేతిని చూసేవాడు ఒక్కడూ ఉండడు. ఇంటికొచ్చాక ఆ చెయ్యి బూరెలా పొంగి, అన్నం కలపడానికీ చొక్కా గుండీ పెట్టడానికీ పనికిరాకుండా పోయినప్పుడు మాత్రం "ఏటిది, ఇలగైపోనాది?" అని ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యానికేమీ లేదు. ఈ వాపుల్లో చాలావాటికి మూలం మనకు బాటిల్ మీదున్న భక్తే అని నా వాదన.

ముందు సూది సంగతి. లోపల సూది ముక్క ఉండిపోయిందని పరామర్శకొచ్చినవాళ్లలో ఒకరైనా తేలుస్తారు. ఉక్కు సూది నరంలోకి దారి చూపించి అప్పుడే బయటికొచ్చేస్తుంది. లోపల ఉండేది మెత్తని ప్లాస్టిక్ గొట్టం. విశాఖలాంటి ఉక్కు ఊళ్లో ఉంటూ నిందంతా ఉక్కు మీద వేయడం అన్యాయం. ఆ గొట్టం నరం గోడను చీల్చుకునో, కాస్త జారో, నీళ్లు పక్క కండలోకి పోతే చెయ్యి పాలిపోయి, చల్లగా ఉబ్బుతుంది. ఉట్టి సెలైనే అయితే ఒకటి రెండు రోజుల్లో అదే దిగుతుంది. రెండో రకం మొండిది. గొట్టం రాపిడికో, ఎక్కించిన మందు ఘాటుకో నరమే మండి, ఎర్రబడి, చేతి పొడవునా తాడులా గట్టిపడుతుంది. ఇది వారాల తరబడి ఉంటుంది. విశాఖ ఉక్కపోతలో చెమటకి ప్లాస్టరు లేచిపోవడం, ఆ చేత్తోనే ఫోన్ పట్టుకోవడం, మణికట్టు వంచడం, ఇవన్నీ గొట్టానికి జరిగే మర్యాదలు.

ఇక భక్తి. గాజువాక నుంచి కంచరపాలెం దాకా నీరసం అన్న మాటకి జవాబు ఒకటే, "ఓ సెలైన్ ఎక్కించేస్తే సరి." అర లీటరు నార్మల్ సెలైన్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు. ఐదు శాతం గ్లూకోజ్ అయితే, అదే అర లీటరుకి 25 గ్రాముల పంచదార, అంటే సుమారు రెండు ఇడ్లీల శక్తి. ఆ ఇడ్లీలు ప్లేటులో వస్తే "ఇవేం సరిపోతాయి" అంటాం, స్టాండు మీంచి దిగితే "బలం ఎక్కింది" అంటాం. కళ్లెదురుగా లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పున్న సముద్రాన్ని పెట్టుకుని, లీటరుకి తొమ్మిది గ్రాముల ఉప్పు నీటికోసం బెంచీ మీద వరస కట్టే ఊరు మనది.

బాటిల్ కింద మంచం పక్కన ఎప్పుడూ ఒక కొబ్బరిబొండాం ఉంటుంది. దీని గురించి కాస్త చెప్పుకోవాలి. బొండాం నీళ్లు లోపల ఉన్నంతసేపూ క్రిమిరహితం. అందుకని వాటిని నేరుగా నరంలోకే ఎక్కించిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. సాలమన్ దీవుల్లో మామూలు సెలైన్ దొరకక ఒక రోగికి అలా ఎక్కించిన వివరం 2000లో అచ్చయింది. కానీ బొండాంలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, కాబట్టి సెలైన్‌కి అది సరైన బదులు కాదు. బీచ్ రోడ్డు బండివాళ్లు ఆశపడనక్కర్లేదు. ఆశపడితే మాత్రం ఎంత బాగుండేది! లేత కాయకి ఒక రేటు, ముదురు కాయకి ఒక రేటు, కత్తితో పైన చెక్కి స్టాండుకి వేలాడదీయడం, అయిపోయాక పగలగొట్టి మీగడ అటెండెంటుకివ్వడం. చెప్పొచ్చేదేమంటే, ఆ మంచం మీద మనిషి ఒక చేతికి సెలైన్ ఎక్కించుకుంటూ రెండో చేత్తో బొండాం పట్టుకుని స్ట్రాతో జుర్రుతుంటాడు. నోటితో అంత చక్కగా తాగగలిగినవాడికి ఆ మొదటి చెయ్యి ఎందుకు పొడిచినట్టు? 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం గ్లూకోజ్, ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లు తాగించింది. 30 శాతం దాకా పోయిన మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. ఆ నీళ్లతో ఒక్క చెయ్యీ వాచి ఉండదు.

"అయితే సెలైనే వద్దంటావా?" అనొచ్చు. అననండీ. వాంతులు ఆగనివాడికి, స్పృహ లేనివాడికి, డెంగ్యూలో బీపీ పడిపోయినవాడికి అదే ప్రాణం. 1832లో డాక్టర్ థామస్ లాటా కలరా రోగుల నరాల్లోకి ఉప్పునీరు ఎక్కించింది సరదాకి కాదు. "తప్పంతా సిస్టరుదే" అనేవాళ్లూ ఉన్నారు. నరం దొరకని చేతిలో నరం వెతికి, అదే ఊపులో పక్క మంచానికి పరుగెత్తే మనిషిని అనేముందు, నొప్పి మొదలైందని మనం ఎప్పుడు చెప్పామో గుర్తు చేసుకోవాలి. బాటిల్ అయిపోతోందని పదిసార్లు పిలిచినవాళ్లం, చెయ్యి లాగుతోందని ఒక్కసారీ పిలవం.

ఇంతకీ ఈ సెలైన్ అడిగేవాళ్లు ఎవరు? రేవులో రేపు పొద్దున్నే డ్యూటీ ఎక్కాల్సినవాళ్లు, ఒక పూట మానితే ఆ పూట కూలి పోయేవాళ్లు. మూడు రోజులు పడుకోమంటే పడుకోలేరు. బాటిల్ ఉన్న ఆ రెండు గంటలూ మాత్రం వాళ్లని లేవమనడానికి ఎవరికీ నోరు రాదు. పక్కన ఒక మనిషి కూర్చుంటాడు, తిన్నావా అని అడుగుతాడు. అది ఉప్పునీళ్ల బలం కాదని వాళ్లకీ తెలుసేమో. దీనికి నా లెక్కల్లో జవాబు లేదు.

వాపు వచ్చేసినవాళ్లకి ఉచిత సలహాలెలాగూ వస్తాయి. ఆముదం, బామ్, పసుపు, అన్నిటికన్నా ముఖ్యంగా ఉప్పు కాపడం. లోపల ఉప్పు నీళ్లే చేసిన నిర్వాకానికి పైన మళ్లీ ఉప్పే! గట్టిగా రుద్దకుండా, చేతిని దిండు మీద ఎత్తి పెట్టి, గుడ్డతో కాపడం పెట్టుకోండి. ఎక్కించింది ఘాటు మందైతే కాపడం వేడిదో చల్లనిదో ముందు అడగండి. జ్వరం వచ్చినా, చీము పట్టినా, ఎరుపు పైకి పాకినా, వేళ్లు మొద్దుబారినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే వెళ్లండి. అక్కడ మళ్లీ సెలైన్ అంటే, రెండో చెయ్యి చాపేముందు ఎందుకని అడగండి.